ఎవరి భుజానికి ఊరట?

ఈ మధ్య హైదరాబాదులో కొత్తగా పెట్టబోతున్న ఒక వెల్‌నెస్ స్టూడియో వాళ్ళు నన్ను పిలిచారు. ఒకే హాల్లో ఒక పక్క యోగా చాపలు, మరో పక్క మగ్గం, రాట్నం, కుమ్మరి సారె. చేనేత స్త్రీల మీద పరిశోధన చేశాను కదా, గోడల మీదికి నాలుగు మంచి మాటలు రాసిపెట్టమన్నారు. డిజైనరు ప్లాను పరిచింది. వెదురు తడికెలు, మెత్తటి వెలుతురు, వట్టివేళ్ళ వాసన. "మగ్గం చప్పుడు ధ్యానం లాంటిది మేడమ్, ఒత్తిడంతా పోతుంది" అంది.

నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. పోచంపల్లి దగ్గర పల్లెలో ఆమె జీవితమంతా ఆసు పోసింది. అర్ధచంద్రాకారంగా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ, ఒక్కో చీరకి వేలసార్లు చెయ్యి ఆడించాలి. చివరికి ఆ చెయ్యి పైకి లేవక, జుట్టు ముడేసుకోవడానికి కూడా మా అత్తమ్మని పిలిచేది.

చేతిపని మనసుకి ఊరటనివ్వదని నేననడం లేదు. థీసిస్ రాస్తూ బుర్ర వేడెక్కినప్పుడు నేనూ అల్లిక పట్టుకున్నదాన్నే. కానీ విసుగొస్తే పక్కన పడేయగలిగాను. పనిని ఆపే హక్కు ఉన్నవాళ్ళకే అది ఊరట. అమ్మమ్మకి ఆ హక్కు ఏనాడూ లేదు.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికుల్లో 72 శాతం స్త్రీలే. అయినా కూలి మాత్రం మగ్గం మీద కూర్చున్న మగవాడి పేరునే వస్తుంది. ఆసు పోయడం, కండెలు చుట్టడం ఇంటిపనిలో కలిసిపోతాయి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. స్త్రీ శరీరాన్ని ఎదురుగా పెట్టుకుని చేసిన డిజైన్ అంటే అదీ! మరి మీ ప్లానులో ఆ యంత్రం ఏదని అడిగాను. మోటారు చప్పుడుకి ప్రశాంతత చెడుతుందట.

ఇంకో మాట కూడా అడిగాను. రోజంతా కూర్చుని నేత నేర్పే ఆమెకి వీపు ఆనించుకునే చోటేదీ? ఆమె వెళ్ళాల్సిన బాత్రూం కింద సెల్లారులో ఉంది. పైన భుజాలు మర్దన చేసే గది ఉంది గాని, అది రుసుము కట్టినవాళ్ళకి.

గోడ మీదికి నేనేమీ రాయలేదు. ప్లాను మీదే రాసిచ్చాను. ఆమెకి ఆనుకునే పీట, కిటికీ, ఇదే అంతస్తులో బాత్రూం, నెలజీతం, సెలవు, ఆ మర్దన గదిలో ఆమెకీ వంతు. గోడ మీద నా మాటలొద్దు, ఆమె పేరు రాయండి అన్నాను. మళ్ళీ ఫోను రాలేదు.

మనలో చాలామందిమి ఆ హాల్లో చాప పరుచుకోగలిగినవాళ్ళమే. డబ్బు కట్టేముందు, నేర్పే ఆమె ఎక్కడ కూర్చుంటుందో ఒక్కసారి అడుగుదాం.