వైన్సు ముంగట లైను జూసి షేర్లు కొన్నోళ్ల లెక్క

2025 జనవరి 8 నాడు పొద్దుమూకినంక భద్రాచలం నుంచి మా మేనల్లుడు ఫోన్ జేసిండు. "మామా, తెలంగాణకు కింగ్‌ఫిషర్ బీర్ బంద్ వెడుతున్నరంట. షేర్ పడుతున్నది. అమ్ముదామా, ఉంచుదామా?" వాని గొంతుల వణుకు నాకు తెల్సిపోయింది. ఎందుకంటె 2021 ఆఖర్ల ఆ షేర్లు కొనుమని చెప్పింది నేనే. అవి చెల్లె పెండ్లికని దాచిన పైసలు. అరవై వేలు.

ఈ కథ వానిదొక్కనిదే గాదు. కరోనా అయినంక ఖమ్మం, పాల్వంచ, మణుగూరు, భద్రాచలం దిక్కు ఎంతమంది పోరగాండ్లు ఫోన్ల షేర్ల ఖాతా తెరిచిండ్రో మీకు తెల్వంది గాదు. 2020 మార్చిల దేశం మొత్తం మీద డీమ్యాట్ ఖాతాలు నాలుగు కోట్ల చిల్లర. రెండేండ్లు తిరిగేసరికి తొమ్మిది కోట్ల దగ్గరికొచ్చినయ్. పనులు బందయినయ్, జీతాలు సగమైనయ్, ఇంట్ల కూసున్నోని చేతిల ఫోన్ ఉన్నది. 2020 మార్చి 23 నాడు సెన్సెక్స్ 26 వేల లోపుకు పడ్డది. 2021 జనవరి 21 నాడు అదే సెన్సెక్స్ 50 వేలు ముట్టింది. పది నెలల్ల డబుల్ అయితున్నదాన్ని జూస్తె ఎవనికి ఆశ పుట్టదు?

గా టైమ్‌ల మందు కంపెనీల షేర్లే ఎందుకు కండ్లవడ్డయంటె, దానికి కారణం మనం కండ్లార జూసిన ఒక ముచ్చట. 2020 మే 6. నెలన్నర బంద్ అయినంక తెలంగాణల వైన్సులు తెరిచిండ్రు. సగటున 16 శాతం రేట్లు పెంచి తెరిచిండ్రు. అయినా ఎండల గొడుగులు పట్టుకొని, చెప్పులు లైన్ల పెట్టి నిలవడ్డరు జనం. నేను గూడ జూసిన. ఆ రోజు నేననుకున్నదేందంటె, ఇంత కష్టకాలంల, ఇంత రేటుకు గూడ జనం ఎగవడి కొంటున్న సరుకు ఇదొక్కటే, దీన్ని జేసే కంపెనీకి నష్టమెట్లొస్తది? నా అసొంటోళ్లు లచ్చల మంది గట్లనే అనుకున్నరు.

ఆ లెక్క తప్పని ఇప్పుడు చెప్తున్న. ఎక్కడ తప్పిందో ఒక్కొక్కటి జూద్దాం.

మొదటి తప్పు. లైను పొడుగుంటె లాభం పొడుగుంటదనుకునుడు. బీరు కంపెనీకి ఏడాది మొత్తంల గిరాకీ ఎండకాలంలనే. ఏప్రిల్, మే, జూన్. 2020ల సరిగ్గ ఆ మూడు నెలలే మునిగినయ్. కింగ్‌ఫిషర్ జేసే యునైటెడ్ బ్రూవరీస్‌కు ఆ మూడు నెలల్ల నష్టమొచ్చింది. బార్లు, క్లబ్బులు మన దగ్గర సెప్టెంబర్ ఆఖరి దాక తెరవనే లేదు. మనం జూసిన లైను నిజమే. కని అది నెలన్నర దాహం ఒక్కరోజు బయటికొచ్చిన లైను, రోజూ ఉండేది గాదు.

రెండో తప్పు. కథ నాకొక్కనికే తెల్సిందనుకునుడు. వైన్సు ముంగట లైను టీవీల దేశమంత జూసింది. బొంబాయిల పెద్ద ఫండ్లు నడిపేటోళ్లు గూడ జూసిండ్రు. 2020 మార్చి ఆఖర్ల ఆ షేరు ఎనిమిది వందల దగ్గర ఉండె. 2021 ఆఖరికి పదహారు వందల దరిదాపుల ఉన్నది. రాడికో ఖైతాన్ అయితె ఇంకా ఎక్కువ, మూడు వందల లోపు నుంచి వెయ్యి దాటింది. మరి మా మేనల్లుడు కొన్నది ఎప్పుడు? పదహారు వందలకు. అంటె కరోనా తగ్గుతది, బార్లు తెరుస్తరు, పెండ్లిళ్లు అయితయ్, గిరాకీ వస్తది అన్న ముచ్చట మొత్తం ఆ రేటుల అప్పటికే కలిసిపోయింది. మంచి వార్త తెల్సినంక కొనుడంటె, సంతల పొద్దుగాల పది రూపాయలకు అమ్మిన చింతపండును మాపటికి ఇరవైకి కొని, రేపు నలభై అయితదని ఎదురుజూసుడే.

ఇది మన తానే జరిగింది గాదు. ఇంగ్లండ్‌ల వెదర్‌స్పూన్ అని ఒక కంపెనీ ఉన్నది, 2020ల దానికి ఎనిమిది వందలకు పైగ పబ్బులుండె. 2020 మార్చి 20 నాడు ఆ దేశంల పబ్బులన్ని మూసిండ్రు. షేరు కుప్పగూలింది. బతకాలంటె పైసలు గావాలె గదా, కంపెనీ కొత్త షేర్లు అమ్మి 2020ల ఒకసారి, 2021 జనవరిల మల్లొకసారి పైసలు తెచ్చుకున్నది. కొత్త షేర్లు పుట్టినయంటె పాతోళ్ల వాటా పల్చనైనట్టే. 2021 ఏప్రిల్ 12 నుంచి ఆరుబయట కూసోని తాగొచ్చన్నరు. ఆ టైమ్‌కు షేరు 14 పౌండ్ల దగ్గరికి ఎక్కింది. ఇగ మంచిరోజులే అనుకున్నరు. ఏమైంది? ఇంట్ల తాగుడు అలవాటైన పెద్దమనుషులు మల్లా పబ్బు మొఖం జూడలే. కూలి రేట్లు పెరిగినయ్, కరెంటు బిల్లులు మండినయ్. 2022 అక్టోబర్‌కు ఆ షేరు అయిదు పౌండ్ల లోపుకు దిగింది. పబ్బులు మూసినప్పుడు ఎంతుండెనో, అన్ని తెరిచినంక అంతకన్న తక్కువైంది. తలుపులు తెరుచుడు వేరు, లాభం వచ్చుడు వేరు.

మూడో తప్పు అన్నిట్ల పెద్దది, మన దిక్కున్నోళ్లు పట్టుకోవాల్సింది. మందు కంపెనీ తన సరుకు రేటు తనే పెట్టుకోలేదు. సబ్బు కంపెనీ నూనె ధర పెరిగితె సబ్బు మీద రూపాయి ఎక్కిస్తది. బీరు కంపెనీకి అది చాతగాదు. తెలంగాణల సరుకు మొత్తం కొనేది ఒక్కటే, సర్కారు బెవరేజెస్ కార్పొరేషన్. ఎంతకు కొనాలె, ఎప్పుడు పైసలియ్యాలె, జనానికి ఎంతకు అమ్మాలె, అన్ని ఆడికెళ్లే నడుస్తయ్. 2019-20 నుంచి మూల రేటు పెంచలేదు, బకాయిలు పేరుకపోయినయ్ అని చెప్పే 2025 జనవరిల యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా బంద్ వెట్టింది. 33 శాతం పెంచుమంటున్నరు, ఎట్ల పెంచుతమని మంత్రి అన్నడు. పది పన్నెండు రోజులకు మల్లా లారీలు కదిలినయ్. ఫిబ్రవరిల సర్కారు 15 శాతం పెంచింది. దీన్నిబట్టి అర్థమైతున్నదేంది? షేరు కొన్నోని నసీబు తాగెటోని చేతిల లేదు, సెక్రటేరియట్ ఫైలుల ఉన్నది.

భద్రాచలంల ఉన్నోళ్లకు ఈ ముచ్చట పుస్తకంల చదివే పని లేదు. 2014ల చుట్టుపక్కల మండలాలు ఆంధ్రల కలిసినయ్. రాముని గుడి ఉన్న పట్నం తెలంగాణల, పక్కనున్న ఎటపాక ఆంధ్రల. 2020 మేల తెలంగాణ 16 శాతం పెంచితె, ఆంధ్రల రెండు రోజుల్ల 75 శాతం పెంచిండ్రు. ఆడ అప్పటికే సర్కారు దుకాణాలే, జనం అడిగే పేర్లు దొరకకపోయేది. రోడ్డుకు ఈ దిక్కు ఒక రేటు, ఆ దిక్కు ఒక రేటు. సంచుల్ల సీసలు దాటినయ్, చెక్‌పోస్టుల దొరికినయ్. సర్కారు మారినంక, 2024 అక్టోబర్ల ఆంధ్రల మల్లా ప్రైవేటు దుకాణాలొచ్చినయ్. ఇంకా ఎన్కకు వోతె, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లతోని మొదలైన సారా ఉద్యమం నుంచి 1995 జనవరిల మద్యనిషేధమే వచ్చింది, 1997ల పోయింది. ఒక్క జీవోతోని ఒక రాష్ట్రం మార్కెట్ మొత్తం మాయమయ్యే వ్యాపారమిది. గీ ముప్పును కొనేటప్పుడు మా మేనల్లునికి నేను చెప్పిన్నా? చెప్పలే. నాకే తట్టలే.

కొందరంటరు, షేర్లెందుకు, వైన్సు టెండరేసుడే నయమని. ఆ లెక్క గూడ జూడున్రి. 2023ల 2,620 దుకాణాలకు లచ్చా 32 వేల దరఖాస్తులొచ్చినయ్. దరఖాస్తుకు రెండు లచ్చలు, లాటరీ తగలకపోతె తిరిగి రావు. ఒక్క దుకాణానికి సగటున యాభై మంది. అంటె నలభై తొమ్మిది మంది రెండేసి లచ్చలు వోగొట్టుకుంటెనే ఒక్కనికి తలుపు తెరుసుకున్నది. సర్కారుకు ఒక్క సీస అమ్మకముందే 2,600 కోట్లు వచ్చినయ్. ఈ వ్యాపారంల ఎవలు ఓడినా గెలిచినా, ముందుగాల గల్ల నిండేది సర్కారుదే. షేరైతె కనీసం తెల్లారి సగానికైనా అమ్ముకోవచ్చు.

ఇగ మా మేనల్లుని లెక్కకొస్త. పదహారు వందల చొప్పున 37 షేర్లు. 59,200 పెట్టిండు. 2023 ఎండకాలంల చెల్లె పెండ్లి కుదిరింది. గప్పుడు షేరు పద్నాలుగు వందల చిల్లర. అమ్మితె ఆరు వేల పైన నష్టం. "నష్టానికి అమ్ముతనా మామా, పెరుగుతది" అని వాడు షేర్లు ఉంచి, రెండు రూపాయల మిత్తికి అరవై వేలు బాకి తెచ్చిండు. నెలకు పన్నెండు వందల మిత్తి. 2025 జనవరి వరకు ఇరవై ఒక్క నెల. 25,200 మిత్తికే కట్టిండు. నాకు ఫోన్ జేసిన రోజు షేరు రెండు వేల దగ్గర ఉన్నది. షేర్ల మీద లాభం 14,800. కట్టిన మిత్తి 25,200. ఫోన్ల యాప్ తెరిస్తె పచ్చగ కనవడుతున్నది, ఇంట్ల లెక్క దీస్తె పదివేలు తక్కువ.

మిత్తి పక్కనవెట్టినా సరే. మూడేండ్లల్ల 25 శాతం అంటె ఏడాదికి ఏడెనిమిది. బ్యాంకుల ఫిక్స్‌డ్ వేస్తె దానికన్న కొంత తక్కువ వచ్చేటియి, కని నిద్ర పట్టేది. అదే షేరును 2020 మార్చి, ఏప్రిల్ల భయంతోని అందరు అమ్ముతున్నప్పుడు కొన్నోనికి డబుల్ మీదనే అయింది. షేరు ఒక్కటే, కంపెనీ ఒక్కటే. కొన్న రేటు వేరు, తెచ్చిన పైసలు వేరు. మార్కెట్ల తక్కువకొస్తున్నప్పుడు కొనేటోని దగ్గర ఏడాది, రెండేండ్లు ముట్టకున్నా నడిచే పైసలుంటయ్. మనోళ్ల దగ్గర ఉండేటియి పెండ్లి పైసలు, ఫీజు పైసలు, ఎవుసం పెట్టుబడి పైసలు. వాటికి తారీఖు ఉంటది. షేరుకు తారీఖు ఉండదు. ఆ రెండిటిని కలిపిననాడే ఓటమి రాసిపెట్టి ఉన్నది.

పైసల ముచ్చట ఇంతటితోని అయిపోతె బాగుండు. కని మనం ఉన్న జాగ గూడ జూడాలె గదా. కిందటేడు చర్ల దిక్కు ఒక కోయ ఊరికి పోయిన. మహిళా సంఘంల పెద్దమ్మ ఒకామె మాటల నడుమ నా షేర్ల ముచ్చట ఇన్నది. నవ్వలే, కోపం జెయ్యలే. "అయ్యా, మా ఇంటాయన రోజు తాగే సీసల నుంచి మీకు గూడ పైసలొస్తయా?" అన్నది. లాభం కంపెనీకొస్తదమ్మా, నాకు జెరంత అని ఏదో చెప్పవోయిన. నోరు పెగల్లే.

ఆ ఊరోళ్లకు ఇప్పచెట్టు కొత్త గాదు. ఇప్పపువ్వు ఏరుతరు, పండుగకు ఇప్పసారా కాస్తరు. దాన్ని పట్టుకొని కేసు వెడుతరు, కుండలు పగలగొడుతరు. అదే ఊర్ల కిరాణం కొట్టుల బెల్టుషాపు మాత్రం పదిరూపాయలు ఎక్కువకు రాత్రంత నడుస్తది. 1996ల పార్లమెంటు జేసిన పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాల మత్తు సరుకును బంద్ వెట్టే హక్కు, అదుపుజేసే హక్కు గ్రామసభకు ఉండాలె. ఆ గ్రామసభ కాగితం మీద వేలిముద్ర వేసినోళ్ల మాట గెలిచిననాడు, నా షేరు పడాలె. నా షేరు పెరగాలంటె, ఆళ్ల మాట ఓడాలె. ఈ సంగతి ఏ బ్రోకర్ రిపోర్టుల రాయరు.

ఇది పాపం, అది పుణ్యమని నేను తీర్పు చెప్పుతలేను. భద్రాచలం ఎదురుంగ సారపాకల ఐటీసీ కాగితం మిల్లు ఉన్నది. ఎంతమంది ఇండ్లు దాని మీద బతుకుతున్నయో మనకెరుకే, ఆ కంపెనీ సిగరెట్లు అమ్ముతదని గూడ ఎరుకే. పూర్తిగ తెల్లబట్ట తొడుక్కున్న పైస యాడ దొరుకుతది? కని ఒక షేరు కొనేముందు మూడు సంగతులు అడగాలె. ఈ పైసలకు తారీఖు ఉన్నదా? నాకు తెల్సిన ముచ్చట రేటుల అప్పటికే కలిసిందా? ఈ లాభం ఎవలింట్ల నుంచి వస్తున్నది? మొదటి రెండు అడగక మా మేనల్లుడు పైసలు వోగొట్టుకున్నడు. మూడోది అడగక నేను పెద్దమ్మ ముంగట తల దించుకున్న.

గా రాత్రి వానికి చెప్పిన: "అరేయ్, బీరు వస్తదో రాదో, షేరు లేస్తదో పడుతదో నాకు తెల్వదు. నీకున్న మిత్తి రెండు రూపాయలన్నది ఒక్కటే మనకు ఖాయంగ తెల్సింది. అమ్మి బాకి కట్టు." తెల్లారి అమ్మిండు. నెల తిరిగినంక సర్కారు రేటు పెంచింది. "చూసినవా మామా, ఆగితె బాగుండు గదా" అన్నడు. వానికి నా మీద ఇంకా కోపమే. కని ఈ నెల పన్నెండు వందలు కట్టే పని లేదు. నా దగ్గర ఉన్న పది షేర్లు గూడ ఆ వారమే అమ్మేసిన.