మొర కూడా ప్రార్థనే

గౌడవెల్లి నుంచి ట్రంకు పెట్టెలతో హాస్టల్‌కు వచ్చిన రోజు నుంచీ అన్నం ముందు కళ్లు మూసుకుని, దేవుడికి దండం పెట్టాకే ముద్ద ఎత్తేవాళ్లం. పస్తులు తెలిసిన ఇళ్ల పిల్లలం. ఆ కృతజ్ఞత నిజమైనది.

అయితే ‘సర్కారు బువ్వ తింటూ ఫిర్యాదులేమిటి?’ అనేవాళ్లూ ఉన్నారు. కృతజ్ఞత అంటే నోరు మూసుకోవడం కాదని మా అభిప్రాయం. మహాకవి జాషువా 1941 నాటి ‘గబ్బిలం’లో, గుడిలోకి రానివ్వని అరుంధతీ సుతుడు తన బాధను కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. ఆ మొర కూడా ప్రార్థనే కదా!

తమ్ముళ్లారా! రోజూ దేవుణ్ణి తలుచుకోండి. వండిపెట్టే అమ్మకూ దండం పెట్టండి. పప్పు నీళ్లయిన రోజు వార్డెన్ గారికి మర్యాదగా చెప్పండి. తర్వాత పుస్తకం తెరవండి.