ఫైలు వెళ్తే చాలదు.. భద్రంగా చేరాలి!

నెలాఖరున కంపెనీ నుంచి బ్యాంకుకు జీతాల ఫైలు వెళ్లాలి. మెయిల్‌లో అటాచ్ చేస్తే పోలా అంటారా? అందులో వేలమంది ఖాతా నంబర్లుంటాయి మరి! అందుకే పెద్ద సంస్థలు మేనేజ్డ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్ వాడతాయి. ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసి, వేళకు పంపి, ఎవరు పంపారో, ఎవరు తీసుకున్నారో నమోదు చేయడం దాని పని.

అలాగని సాఫ్ట్‌వేర్ కొనేస్తే నిశ్చింత కాదు. 2023లో ‘మూవిట్’ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లోని లోపం వల్లే బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వివరాలు హ్యాకర్ల చేతిలో పడ్డాయి. ఆ లోపమేంటో తెలుసా? మనం పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షనే!

కాబట్టి చదివింది చేసి చూడండి. లైనక్స్, ఎస్‌ఎఫ్‌టీపీ మీ ల్యాప్‌టాప్‌లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. ఫైలు ఎలా పంపాలో చాలామంది చెబుతారు. మారకుండా చేరిందని ఎలా తేల్చాలో కూడా ఇంటర్వ్యూలో మీరు చెప్పగలగాలి.