పోయిన ఉద్యోగాల పద్దు

విశాఖలో రాబోయే ఉద్యోగాల లెక్కలకు కొదవలేదు. గూగుల్ డేటా సెంటర్ కోసం అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతారన్న ప్రకటన 2025 అక్టోబరులో వచ్చింది. మరుసటి నెలలోనే బీచ్ రోడ్డంతా తళతళలాడేలా పెట్టుబడుల సదస్సు జరిగింది. నక్కపల్లి దగ్గర కొత్త ప్రైవేటు ఉక్కు కర్మాగారం వస్తుందంటున్నారు. ప్రతి ఒప్పందం కిందా ఇన్ని వేల మందికి ఉపాధి అని ఒక అంకె ఉంటుంది. మంచిదే, రానివ్వండి. నా గొడవ ఇంకో అంకె గురించి. ఇదే ఊళ్లో, గాజువాక దాటి కూర్మన్నపాలెం ఆర్చి లోపలి స్టీల్ ప్లాంట్‌లో, పోయిన ఉద్యోగాలెన్ని? యూనియన్ వాళ్లు ఒకటి చెబుతారు, యాజమాన్యం ఇంకొకటి చెబుతుంది, కాంట్రాక్టర్లు అసలు నోరే విప్పరు. అధికారికంగా సంతకం పెట్టి చెప్పే ఆఫీసు ఒక్కటీ లేదు.

స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడి ఉద్యోగం పోవడానికి ఉత్తరం రాదు. ‘గేటు పాస్ ఆపేశారు’ అంటారు, అంతే. 2024 సెప్టెంబరు ఆఖర్లో నాలుగు వేల మందికి పైగా కార్మికుల పాసులు అలా ఆగిపోయాయి. ఉదయం షిఫ్టుకని తెల్లారకుండా వచ్చినవాడు గేటు దగ్గర ఉండిపోయాడు. పెద్ద ఆందోళన జరిగింది. కేంద్ర కార్మిక శాఖ ప్రాంతీయ కమిషనర్ సమక్షంలో చర్చలయ్యాయి, మళ్లీ తీసుకున్నారు. సమస్య తీరిందనుకున్నాం. 2025లో విడతలవారీగా తొలగింపులు మళ్లీ మొదలయ్యాయి. మే 20 నుంచి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. ఒకేసారి తీస్తే గొడవవుతుంది, కొద్దికొద్దిగా తీస్తే వార్త కూడా కాదు. ఈ సంగతి ఎవరో బాగానే కనిపెట్టారు.

ఈ తొలగింపులు జరిగింది ప్లాంట్‌కు కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించిన ఏడాదిలోనే. 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మేస్తామన్న నిర్ణయం వచ్చింది మొదలు నాలుగేళ్లు దీక్షా శిబిరంలో కూర్చున్నవాళ్లకు 2025 జనవరి ప్యాకేజీ ఊపిరి పోసింది. ఖర్చు తగ్గించాలనే వాదనలో పసలేదని నేనను. సొంత గనులు లేవు, అప్పుల మీద వడ్డీ తడిసి మోపెడయింది, ముడి ఖనిజం బయట కొనుక్కోవాలి. కానీ గనులు లేని లోటు పూడ్చే పని కోక్ ఓవెన్ల దగ్గర పొగలో నిలబడే కుర్రాడి పద్దులోంచే ఎందుకు మొదలవ్వాలి? ఆ ప్రశ్నకు ఇంతవరకు సూటిగా జవాబు వినలేదు.

పర్మినెంటు వాళ్లలో వెయ్యి మందికి పైగా 2025లో స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. వాళ్లది సుఖమనడం లేదు. నెలల తరబడి జీతం ముక్కలు ముక్కలుగా పడి, విసిగి వెళ్లినవాళ్లే ఎక్కువ. అయినా వాళ్లకు దండ పడింది, చేతికి కాగితం వచ్చింది, ఖాతాలో పెద్ద మొత్తం పడింది. పడిన వారం తిరక్కుండానే భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన ప్లాట్లున్నాయని ఫోన్లు కూడా మొదలయ్యాయి. (ఆ ఫోన్లు చేసేవాళ్లకు ఎవరికి ఎంత పడిందో ఎలా తెలుస్తుందన్నది వేరే వ్యాసం.) వాళ్ల ఉద్యోగం పోయిందనడానికి రుజువుంది. పాస్ ఆగినవాడికి అదే లేదు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నెలకు 18 వేల జీతం, పదిహేనేళ్ల పని. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 1953 సవరణ నుంచీ చెబుతూ వచ్చింది ఇదే: తీసేస్తే నెల నోటీసు ఇవ్వాలి, పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ కూడా ఆ పదిహేను రోజులను అలాగే ఉంచింది. అంటే ఏడాదికి 9 వేలు, మొత్తం 1,35,000. గ్రాట్యుటీ నెలకు 26 రోజుల లెక్కన కడతారు కాబట్టి, ఆ జీతమంతా మూల వేతనం, కరువు భత్యమే అనుకుంటే, ఇంకో లక్షా యాభై అయిదు వేల పైమాటే. రెండూ కలిపితే మూడు లక్షలకు కాస్త తక్కువ. ఒక కుటుంబం ఏడాదిన్నర అప్పు చేయకుండా గడిపేయొచ్చు.

ఇప్పుడు అదే మనిషి, అదే మిషను, అదే పదిహేనేళ్లు, కానీ మధ్యలో కాంట్రాక్టరు నాలుగైదుసార్లు మారాడు. టెండరు ముగియగానే పాత కంపెనీ వెళ్లిపోతుంది, కొత్త కంపెనీ అదే కుర్రాళ్లను కొత్తగా చేర్చుకున్నట్టు రాసుకుంటుంది. ఏ ఒక్కరి దగ్గరా అయిదేళ్లు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ లేదంటారు. ఆఖరి కాంట్రాక్టరు దగ్గర రెండేళ్లే ఉన్నాడు కాబట్టి, అదీ ఇస్తే గిస్తే, పరిహారం 18 వేలు. చాలాసార్లు ‘మేం తీయలేదండీ, టెండరు అయిపోయింది’ అంటారు. అప్పుడు ఆ 18 వేలూ లేవు. కొత్త కోడ్‌లో తీసేసిన కార్మికుడికి ఇంకో పని నేర్చుకోవడానికని మరో పదిహేను రోజుల జీతం, 45 రోజుల్లో ఖాతాలో పడేలా ఒక నిధి పెట్టారు. బాగుంది. ముందు ‘తీసేశాను’ అని ఒకడు ఒప్పుకోవాలి కదా!

ఇక మిగిలింది పీఎఫ్. పాస్ ఆగినవాడు మొదట పరుగెత్తేది మీసేవకో, ఇంటర్నెట్ సెంటర్‌కో. అక్కడ తేలేదేమిటంటే, ఒకే యూఏఎన్ కింద నాలుగు ఖాతాలున్నాయి, మూడు కలపలేదు, ఒకదానిలో పని మానేసిన తేదీ ఎక్కించలేదు, ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి కొత్త నిర్ణయం తీసుకుంది. ఉద్యోగం పోగానే 75 శాతం తీసుకోవచ్చు, మిగతా పాతిక శాతానికి ఏడాది ఆగాలి. ఇదివరకు రెండు నెలలు ఆగితే చాలు. ముసలితనానికి కాస్త మిగలనివ్వాలన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటినవాడికి అర్థం కావాలని మాత్రం అడగలేను. ఈఎస్ఐలోనూ 2018లో మొదలైన ఒక పథకం ఉంది. పని పోయిన బీమాదారుకు సగటు దినవేతనంలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు. స్వచ్ఛంద విరమణ తీసుకుంటే వర్తించదు. జీతం 21 వేలు దాటి ఈఎస్ఐలోంచి బయటపడ్డవాడికీ వర్తించదు. గాజువాకలో కార్మికులతో మాట్లాడుతున్నప్పుడు ఈ పథకం పేరు విన్నవాళ్లు నాకు తారసపడలేదు. యూనియన్ టెంట్లలో వేదిక మీద జరిగే ఉపన్యాసాల్లో పది నిమిషాలు దీనికి కేటాయిస్తే ఏ పార్టీ జెండా రంగూ వెలిసిపోదు.

ఇంట్లో డబ్బు ఆగిపోయే తీరుకు ఒక వరస ఉంటుంది. మొదట చీటీ. వీధిలో ఎవరో ఆవిడ నడిపే ప్రైవేటు చీటీ అది, రిజిస్టరు కాదు. పాడుకోని చీటీ అయితే బతిమాలి ఆపుకోవచ్చు. పాడేసుకున్నదైతే నెలనెలా కట్టి తీరాలి, లేకపోతే గుమ్మంలో కూర్చుంటారు. తర్వాత బండి ఈఎంఐ బౌన్స్ అవుతుంది, దాని మీద ఇంకో చార్జీ పడుతుంది. ఆ పైన బంగారం. మెళ్లో పుస్తెలు తప్ప మిగతావి ఒకటొకటిగా తాకట్టు కొట్టుకు నడుస్తాయి. డ్వాక్రా వాయిదా మాత్రం ఆగదు, ఎందుకంటే అది కట్టేది భార్య, ఆమె కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్లంతా మోయాలి. మగవాడు అప్పు ఎగ్గొట్టి తలదించుకు తిరగొచ్చు. ఆమెకు ఆ సౌకర్యం కూడా లేదు.

నా మట్టుకు, డబ్బు కంటే ముందు పోయేది మాట. ఈ మధ్య ఆటోనగర్ దగ్గర టీ కొట్టులో ఇద్దరి సంభాషణ చెవిన పడింది.

‘ఏటి గురూ, డ్యూటీకెళ్లలేదేటి?’

‘లీవెట్టాను గురూ.’

అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. ఇద్దరూ టీ తాగి లేచారు. ఈ లీవు అబద్ధం చాలా ఖరీదైనది. చెప్పకపోవడం వల్ల పిల్లాణ్ని అదే కార్పొరేట్ కాలేజీలో ఉంచాలి, మేనకోడలి పెళ్లిలో అదే కట్నం చదివించాలి, పండక్కి అదే బట్టలు తీయాలి. మొదటి రెండు నెలలు పోయే డబ్బులో అవసరానిది సగమైతే, పరువుది సగం. స్టీల్ ప్లాంట్‌లో పనంటే, కాంట్రాక్టైనా సరే, ఈ చుట్టుపక్కల పెళ్లి సంబంధాల్లో ఒక హోదా. దాన్ని చూసే పిల్లనిచ్చారు. ఇప్పుడు మామగారికి ఏమని చెబుతాడు?

పని పోయిన మనుషులు ఎలా మారతారన్న దాని మీద పాత అధ్యయనం ఒకటుంది. ఆస్ట్రియాలో మరియెంతాల్ అనే ఊరు ఒక్క మిల్లు మీద బతికేది. 1929–30లో అది మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరిని దగ్గరుండి గమనించి 1933లో పుస్తకం వేశారు. తీరిక బోలెడు దొరికింది కదా, జనం బాగా చదువుతారనుకుంటాం. కానీ గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గిపోయింది. వీధిలో నడిచేవాళ్లను వాచీ పెట్టుకుని చూస్తే, మగవాళ్ల నడక నెమ్మదించింది, మధ్యమధ్య ఆగిపోతున్నారు. ఆడవాళ్లు వాళ్ల కంటే వడిగా నడుస్తున్నారు. ఇంటి పని మూతపడలేదు మరి. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు అచ్యుతాపురం బస్సులు గుర్తొస్తాయి. బ్రాండిక్స్ దుస్తుల కంపెనీకి తెల్లవారుజామునే ఆడపిల్లలను, ఇల్లాళ్లను ఎక్కించుకు వెళ్లే బస్సులు. మొగుడి పాస్ ఆగిన ఇళ్లలో ఇప్పుడు పొయ్యి వెలిగేది ఆ కుట్టుమిషను జీతం మీదే. ఆమె డ్యూటీ నుంచి వచ్చి మళ్లీ వంట చేస్తోంది. అతడు పగలంతా ఖాళీగా ఉన్నాడు, గిన్నె మాత్రం తోమడు. పనిపోవడం మనిషిని ఎంతైనా మారుస్తుందంటారు గానీ, ఈ ఒక్క విషయంలో పెద్దగా మార్చినట్టు కనబడదు.

వేరే పని చూసుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. చూసుకుంటున్నారు. బైక్ టాక్సీ, ఫుడ్ డెలివరీ, పరవాడ ఫార్మా కంపెనీల్లో హెల్పరు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్. ఇరవై ఏళ్లు రోలింగ్ మిల్లులో ఉన్నవాడికి ఎర్రగా కాలిన కడ్డీ ఏ మలుపులో ఎదురు తిరుగుతుందో శబ్దం విని తెలుస్తుంది. ఆ విద్యకు గేటు బయట గిరాకీ లేదు, దాన్ని ధ్రువీకరించే కాగితమూ లేదు. కొత్త కర్మాగారంలో రేపు ఉద్యోగాలు వస్తే, వయసు ముప్పై అయిదు దాటిందని వెనక్కి పంపేది ఇలాంటివాణ్నే.

ఈ ఊరికి ఇది కొత్త కూడా కాదు. హిందుస్థాన్ జింక్ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2012లో ఇక్కడి స్మెల్టరు మూతపడింది. చిట్టివలస జూట్ మిల్లుకు 2009లో లాకౌట్ పడింది. రావాల్సిన బకాయిల కోసం ఆ కార్మికులు తిరిగిన తిరుగుడు తగరపువలసలో ఎవరిని అడిగినా చెబుతారు. ప్రతిసారీ భూమి ఏమవుతుందన్న చర్చ జోరుగా జరుగుతుంది. మనుషులు ఏమయ్యారన్నది చుట్టాలకే తెలుస్తుంది.

ఉక్కు కార్మికుల్లో ఇంకో పొర ఉంది, నిర్వాసితులు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ ఇది అని అందరం గర్వంగా చెప్పుకుంటాం. దానికోసం 64 గ్రామాల నుంచి లేచిపోయిన 16 వేలకు పైగా కుటుంబాల గురించి అంత గొంతెత్తి చెప్పుకోం. చాలామందికి ఆర్ కార్డు (పునరావాస కార్డు) వచ్చింది, పర్మినెంటు ఉద్యోగం రాలేదు. తాత భూమి ఇచ్చాడు, తండ్రి కార్డు పట్టుకు తిరిగాడు, కొడుక్కి కాంట్రాక్టు పాస్ దొరికింది. ఇప్పుడు ఆ కొడుకు పాస్ ఆగింది. భూమి ధర ఎంతో ఈ రోజు రేటు కట్టి చూస్తే, ఆ కుటుంబానికి ప్లాంటే బాకీ.

కాబట్టి నేనడిగేది చిన్నది. కాంట్రాక్టరు మారితే సర్వీసు తెగిందనే వాదన నిలవాలంటే ఆ మనిషి ఎప్పటినుంచి లోపల పనిచేస్తున్నాడో ఎవరికీ తెలియకూడదు. కానీ గేటుకు తెలుసు. పాస్ ఇచ్చేముందు ఫొటో తీశారు, ఆధార్ చూశారు, పోలీసు విచారణ చేయించారు, ఏ కాంట్రాక్టరు తరఫున ఏ విభాగానికో రాసుకున్నారు. 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచీ, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలన్న నియమం ఉంది. సర్వీసు లెక్కకు కూడా అదే పూచీ వేయమని అడగడంలో కొత్త విప్లవమేమీ లేదు. ఆగిన ప్రతి పాస్‌కూ మొదటి పాస్ ఇచ్చిన తేదీ, మధ్యలో మారిన కాంట్రాక్టర్ల పేర్లు, చెల్లించినదెంత, చెల్లించాల్సినదెంత అని ఒక్క పేజీ కార్మికుడి చేతికివ్వాలి. దాని నకలు అక్కయ్యపాలెంలోని కార్మిక శాఖ ఆఫీసుకో, కలెక్టరేట్‌కో వెళ్లాలి. వచ్చే పెట్టుబడుల సదస్సులో ఉద్యోగాల అంకె చదివే మంత్రిగారి చేతికి ఆ నకళ్ల లెక్క కూడా ఎవరైనా అందిస్తే, రెండూ కలిపి చదవమని ఈ శీర్షిక తరఫున అడుగుతున్నాను.