స్ట్రిప్ చెప్పేది తొలిమాట మాత్రమే

గసగసాలు వేసి వండిన కూర తిన్నవారి మూత్రంలో కొన్నిసార్లు మార్ఫిన్ జాడ కనిపిస్తుంది. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా అంతే. కోడీన్‌లో కొంత భాగాన్ని శరీరమే మార్ఫిన్‌గా మారుస్తుంది. హెరాయిన్ తీసుకున్నవారి మూత్రంలోనూ ప్రధానంగా దొరికేది మార్ఫినే. మాదకద్రవ్యాలను నిమిషాల్లో గుర్తించే ఎలక్ట్రోకెమికల్ బయోసెన్సర్లను ఆహ్వానించేటప్పుడు ఈ సంగతి మరువకూడదు.

వీటి అవసరాన్ని కాదనలేం. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో గాజియాబాద్‌లో నడుస్తున్న జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్స కేంద్రం చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారని అది అంచనా వేసింది. చికిత్సలో ఉన్న వ్యక్తి మళ్లీ హెరాయిన్ వైపు మళ్లాడా లేదా అన్నది అతను ఎదురుగా ఉన్నప్పుడే తెలిస్తే వైద్యుడు మందు మోతాదును అప్పుడే సరిచేయగలడు. పెద్ద ప్రయోగశాల లేని చిన్న కేంద్రాలకు ఇది మరీ అవసరం.

ఈ సూత్రం కొత్తది కాదు. ఇంట్లో చక్కెర కొలిచే గ్లూకోమీటర్ కూడా ఎలక్ట్రోకెమికల్ బయోసెన్సరే. దాని మూలం 1962లో క్లార్క్, లియోన్స్ ప్రతిపాదించిన ఎంజైమ్ ఎలక్ట్రోడ్. మాదకద్రవ్యాల సెన్సర్‌లో ఎలక్ట్రోడ్ మీద యాంటీబాడీనో, ప్రత్యేకంగా ఎంచుకున్న డీఎన్‌ఏ పోగునో అమరుస్తారు. మందు అణువు వచ్చి దానికి అతుక్కోగానే విద్యుత్ సంకేతం మారుతుంది.

చిక్కంతా నమూనాతోనే. శుద్ధమైన ద్రావణంలో చక్కగా పనిచేసే సెన్సర్ రక్తంలో, మూత్రంలో తడబడవచ్చు. యూరిక్ ఆమ్లం, విటమిన్ సి, పారాసిటమాల్ కూడా ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణ చెంది సంకేతాన్ని కలుషితం చేస్తాయి. ప్రోటీన్లు పేరుకుని దాని ఉపరితలాన్ని మూసేస్తాయి. సెన్సర్ ఇవన్నీ దాటినా, ఆ మార్ఫిన్ కూర నుంచి వచ్చిందో, హెరాయిన్ నుంచి వచ్చిందో చెప్పలేదు. ఆ తేడా తేల్చాలంటే హెరాయిన్‌కే ప్రత్యేకమైన 6-అసిటైల్‌మార్ఫిన్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీతో వెతకాలి. అది కూడా మూత్రంలో కొన్ని గంటలే నిలుస్తుంది.

ఖరీదైన యంత్రాలున్నంత మాత్రాన నమ్మకం కుదరదు. క్రీడాకారుల నమూనాలను పరీక్షించే ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్ష ప్రయోగశాల గుర్తింపును ప్రమాణాలు పాటించలేదన్న కారణంతో 2019 ఆగస్టులో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిలిపివేసింది. అది తిరిగి దక్కింది 2021 డిసెంబరులోనే. అంత పెద్ద ప్రయోగశాలే తన నాణ్యతను ఎప్పటికప్పుడు రుజువు చేసుకోవాల్సి వస్తే, అరచేతిలో ఇమిడే స్ట్రిప్‌కు మినహాయింపు ఎందుకు?

కాబట్టి ఏ సెన్సరైనా అమ్మకానికి రాకముందే దాన్ని మన రోగుల నమూనాల మీద పరీక్షించాలి. ఎంతమందిని పొరపాటున పట్టిందో, ఎంతమందిని వదిలేసిందో ప్రకటించాలి. స్ట్రిప్ ‘ఉంది’ అంటే నమూనా నిర్ధారణ పరీక్షకు వెళ్లాలి. ఆ ఫలితం వచ్చేదాకా ఎవరి ఉద్యోగమూ పోకూడదు, ఎవరి చికిత్సా ఆగకూడదు.