ఏడేళ్ళ శిక్ష, గడువు లేని ముద్ర

సిడ్నీలో ఉంటున్న స్నేహితుడొకడు మొన్న ఫోన్లో జోకేశాడు: "వీళ్ళందరూ దొంగల మనవళ్ళేరా!" నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు మీద నాకే చిరాకేసింది.

ఎవరా దొంగలు? 1783లో లండన్‌లో జాన్ హడ్సన్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేశారు. వాడి పని పొగగొట్టాలు శుభ్రం చేయడం. నేరం, కొన్ని బట్టలూ ఓ పిస్తోలూ ఎత్తుకెళ్ళడం. అమెరికా చేజారాక ఇంగ్లండుకి ఖైదీలను తోలేసే చోటు లేకుండా పోయింది. అందుకే 1787లో పదకొండు ఓడలు ఆస్ట్రేలియాకి బయల్దేరాయి. వాటిలో హడ్సన్ కూడా ఉన్నాడు. 1868 దాకా అలా లక్షా అరవై వేల పైచిలుకు మందిని పంపారు. ఎక్కువమందివి చిల్లర దొంగతనాలే. ఆదివాసుల నేలను లాక్కుని, ఈ ఖైదీల చాకిరీతో కట్టుకున్న వలస అది.

ఇవాళ అక్కడ తమ వంశంలో ఆ మొదటి ఓడల ఖైదీ ఉన్నాడని తెలిస్తే గొప్పగా చెప్పుకునేవాళ్ళున్నారు. మరి బాపట్ల దగ్గరి స్టువర్టుపురం కుర్రాడు తన ఊరి పేరు అలా చెప్పుకోగలడా?

అదీ ఆ సామ్రాజ్యం పెట్టిన ఊరే. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు ఉప్పూ ధాన్యం మోసుకెళ్ళి ఊరూరా అమ్మేవాళ్ళు. రైళ్ళొచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనమొచ్చి ఆ బతుకుతెరువు పోయింది. తెరువు పోగొట్టిన సర్కారే వాళ్ళని 'నేరస్థ తెగ' అంది, సాల్వేషన్ ఆర్మీ కాపలాలో సెటిల్‌మెంట్లో పెట్టింది.

హడ్సన్‌కి కనీసం విచారణ జరిగింది, శిక్షకో గడువుంది. ఎరుకల బిడ్డకి రెండూ లేవు. పుట్టడమే నేరం. 1952లో చట్టం రద్దయింది కానీ మన నోళ్ళలో రద్దవలేదు. 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' నుంచి 'టైగర్ నాగేశ్వరరావు' దాకా మన సినిమాకి ఆ ఊరంటే దొంగతనమే.

"మరి దొంగతనాలు జరగలేదా?" అంటారు. జరిగాయి. హడ్సనూ చేశాడు. ఒకడి ఆకలిని చరిత్ర అనీ, ఇంకొకడి ఆకలిని పుట్టుక అనీ అంటున్నాం చూడండి, దాంతోనే నా పేచీ.

వాడికి మళ్ళీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "జోకు కదరా, సీరియస్ అవుతావేం?" అన్నాడు.

"మన క్లాసులో ఆ ఊరి కుర్రాడు నాలుగేళ్ళూ తనది బాపట్ల అనే చెప్పాడు. గుర్తుందా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు.