ల్యాంపు రూం లేని చోట

మా బొగ్గుబాయిల మనుషులకు ఒక మంచి పేరుంది. ఎక్కడ ప్రమాదం జరిగినా పరుగెత్తుకెళ్తారని. ఆ పేరు అబద్ధం కాదు. అబద్ధం కాదు కాబట్టే అది మమ్మల్ని ఇంతగా చెడగొట్టిందేమో అనిపిస్తుంది. ప్రమాదం జరిగాక ఏం చేయాలో మాకు బాగా తెలుసు. జరగకముందు చేయాల్సిన పనిని మాత్రం ఎవరో చేస్తున్నారులే అనుకుంటూ బతికేశాం. మేం అంటే గోదావరిఖనిలో, మందమర్రిలో, భూపాలపల్లిలో, కొత్తగూడెంలో ఉన్నవాళ్లు మాత్రమే కాదు. ఆ కాలనీల్లో పుట్టి, బాయి నౌకరీ దొరక్కనో వద్దనుకునో ఇటొచ్చి, దుబాయ్ చివర అల్ వర్సాన్‌లో గదులు పంచుకుని ఉంటున్న నాలాంటి వాళ్లం కూడా.

గనుల్లో ఒక పాత కట్టుబాటు ఉంది. ఒక బాయిలో మంట లేచినా, గ్యాసు కమ్మినా, పక్క బాయిల్లో శిక్షణ పొందిన మనుషులు వచ్చి దిగాలి. రామగుండంలో రెస్క్యూ స్టేషన్ ఉంది, నిజమే. కానీ ఆ వ్యవస్థ అసలు బలం వేర్వేరు బాయిల్లో రోజూ తమ పని తాము చేసుకుంటూనే, మధ్యమధ్య వెళ్లి ఆక్సిజన్ సెట్టు వీపుకు తగిలించుకుని, పొగ నింపిన గ్యాలరీలో పాకడం సాధన చేసొచ్చే కార్మికులే. 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో బొగ్గుపొడి పేలి 1,099 మంది చనిపోయారు. అప్పట్లో ఫ్రాన్స్‌కూ జర్మనీకీ పడేది కాదు. అయినా జర్మన్ గని కార్మికులు తమ సామాన్లతో సరిహద్దు దాటి వచ్చి ఆ గనిలో దిగారు. ఇలాంటి కథలు మాకు ఇష్టం. ఎవరైనా చెబితే ఛాతీ ఉబ్బుతుంది.

ఛాతీ ఉబ్బిన ఇళ్లలోనే ఇంకో మాట కూడా వినిపించేది. రెస్క్యూ ట్రైనింగ్‌కు పేరిస్తానని మగవాడు అంటే, ఉన్న గండాలు చాలవా అని ఇంట్లోవాళ్లు అడ్డం పడేవారు. మా ఇంట్లోనూ పడ్డారు. వాళ్లను తప్పుపట్టను, ఎందుకంటే నేనూ వాళ్ల వైపే ఉన్నాను. పక్కింటాయన రెస్క్యూలో ఉంటే మాకు ధైర్యం. మా ఇంటి మనిషి ఉంటే మాకు భయం. ఆ ధైర్యాన్నే వాడుకున్నాం తప్ప, అది ఎవరి భయం మీద నిలబడిందో ఆలోచించలేదు.

1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 370 మందికి పైగా పోయారు. 2001లో బాగ్‌డిగి గనిలో మళ్లీ నీళ్లే, 29 మంది. పాత బాయిల్లో నిలిచిన నీటికి 60 మీటర్ల లోపు వెళ్లాలంటే ముందే అనుమతి తీసుకోవాలని, ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ పోవాలని బొగ్గుగనుల నిబంధనల్లో అప్పటికే రాసి ఉంది. మా దగ్గర చదువుకున్నవాళ్లకు అది తెలియని సంగతి కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు వచ్చాయి. 17 మంది పోయారు. నాలుగు నెలలకే అక్టోబర్ 16న 8ఏ బాయిలో పైకప్పు కూలి మరో పదిమంది. సింగరేణి కంపెనీని తిట్టాం, అధికారులను తిట్టాం. తిట్టాల్సిందే కావచ్చు. కానీ గనికో రక్షణ కమిటీ ఉంటుంది, అందులో మావాళ్లే కూర్చుంటారు. ఆ మీటింగుల్లో ఏం మాట్లాడారని మేం ఇంటికొచ్చినవాణ్ని ఏనాడూ అడగలేదు. ప్రమోషన్ సంగతి అడిగాం, క్వార్టర్ సంగతి అడిగాం.

దూరం పోయాక ఇంకా సులువైంది. దసరా ముందు ఇక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మా మొదటి ప్రశ్న, లాభాల వాటా ఈసారి ఎంత శాతం? 2023లో 32, 2024లో 33. అంకెలు నాకు నోటికొచ్చు. మా నాన్న పనిచేసిన బొగ్గు సీమ్ పక్కనున్న పాత తవ్వకాల్లో ఎంత నీరు నిలిచి ఉండేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు, ఆయన బతికుండగా అడగనూ లేదు. సంఘాల ఎన్నికలప్పుడు వారసత్వ ఉద్యోగాలు, సొంతిల్లు, ఆదాయపు పన్ను అని గొంతెత్తేవాళ్లలో మా బంధువులు ఉన్నారు. న్యాయమైన కోరికలే అవన్నీ. గాలి, నీళ్లు, పైకప్పు అనేవి మాత్రం ఆ జాబితాలో ఎప్పుడూ చివర ఉండేవి, ఒక్కోసారి ఉండేవే కావు. ఓట్లు అడిగినవాళ్లు మేం వినాలనుకున్నదే చెప్పారు.

1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు వచ్చారు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసేది ఎక్కువగా కాంట్రాక్టు మనుషులు. వాళ్లూ మన జిల్లాలవాళ్లే, కాకుంటే మన కాలనీలో ఉండరు. మస్టర్ దగ్గర పక్కన నిలబడ్డ మనిషి పేరు తెలియకపోవడం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. మొదలైంది అనడం కూడా తప్పించుకోవడమే. మొదలుపెట్టింది మేమే.

పేరు అనేది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, రక్షణ పనిలో మొట్టమొదటి ప్రశ్న అదే: లోపల ఎవరున్నారు? బాయి మీద ల్యాంపు రూం అని ఒకటి ఉంటుంది. దిగేవాడు తన నంబరు క్యాప్ ల్యాంపు తీసుకుపోతాడు, ఎక్కాక తిరిగిస్తాడు. షిఫ్టు అయిపోయాక ఏ ల్యాంపు రాలేదో చూస్తే చాలు, ఏ మనిషి పైకి రాలేదో తెలుస్తుంది. రెస్క్యూ వాళ్ల ధైర్యం గురించి వంద కథలు చెప్పే మేం ల్యాంపు రూం క్లర్కు గురించి ఒక్కటీ చెప్పుకోలేదు. అందులో వీరత్వం లేదు మరి. రోజూ చేయాల్సిన లెక్క మాత్రమే.

గనులు, ఫ్యాక్టరీల చుట్టూ ఉండే ఊళ్లు కూడా ఆ లెక్కలో ఉండాలని ప్రపంచం గుర్తించి చాలా కాలమైంది. భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత, 1988లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వాళ్లు అపెల్ అని ఒక పద్ధతి తెచ్చారు. కంపెనీ, ప్రభుత్వం, ఊరివాళ్లు కలిసి ప్రమాదానికి ముందే కూర్చుని, ఏది పేలొచ్చు, ఏది తెగొచ్చు, ఎవరు ఎటు పోవాలి అని తేల్చుకోవడం. 2000 జనవరిలో రుమేనియాలోని బాయా మారె దగ్గర బంగారు గని వ్యర్థాల కట్ట తెగి సైనైడ్ నీళ్లు నదుల్లో కలిశాక, ఆ పద్ధతిని గనులకు ప్రత్యేకంగా మళ్లీ రాశారు. కాగితం మన దగ్గరకీ వచ్చింది. అయినా 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్‌ఆర్ వెంకటాపురం మీదికి స్టైరీన్ ఆవిరి కమ్ముకున్నప్పుడు ఫ్యాక్టరీ సైరన్ మోగలేదు. 12 మంది పోయారు. ఆ సైరన్ పనిచేస్తుందా అని చుట్టుపక్కల ఎంతమంది ఎన్నిసార్లు అడిగి ఉంటారు? విశాఖ వాళ్లను అడిగే ముఖం నాకు లేదు. బాయి బ్లాస్టింగుకు మా ఇంటి గోడ బీటలిస్తే నష్టపరిహారం ఫారం నింపామే కానీ, పెద్దది జరిగితే కాలనీ ఎటు పోవాలని మేమూ అడిగినవాళ్లం కాదు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అది నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు తేవాల్సిన సొరంగం, మన దాహం కోసం తవ్వుతున్నది. సైన్యం వచ్చింది, నేవీ వచ్చింది, జాతీయ విపత్తు దళం వచ్చింది, ఉత్తరాఖండ్ సిల్క్యారాలో 41 మందిని బయటికి తెచ్చిన ర్యాట్ హోల్ మైనర్లు వచ్చారు. మా సింగరేణి రెస్క్యూ జట్లూ వెళ్లాయి. పద్నాలుగు కిలోమీటర్ల లోపల, బురదలో, ఊడిపడుతున్న రాయి కింద పనిచేశారు. ఇక్కడ అల్ వర్సాన్ గదుల్లో ఆ వీడియోలు ఒకరికొకరం పంపుకున్నాం. మనోళ్లు, మనోళ్లు అన్నాం.

మనోళ్లు అన్నది రక్షించడానికి పోయినవాళ్లను. చిక్కుకున్నవాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చిన మనుషులు. ఇంట్లో డబ్బు చాలక ఊరు కాని ఊరు వచ్చి పనిచేసినవాళ్లు. దాన్ని ఇంకొకరు చెబితే కానీ అర్థం కాని చోటా మేం ఉన్నది? రెండు నెలలు వెతికితే రెండు మృతదేహాలు దొరికాయి. అప్పటికి మా గ్రూపుల్లో ఆ ముచ్చట లేదు, ఐపీఎల్ నడుస్తోంది. గల్ఫ్‌లో చనిపోయిన మనిషి శవపేటిక ఊరికి చేరడం వారం ఆలస్యమైతే నిప్పులు చెరిగేవాళ్లం, మన నేలలో ఉండిపోయినవాళ్ల గురించి ఎక్కువ రోజులు అడగలేకపోయాం. అడగలేకపోయాం కాదు, అడగాలని తోచలేదు.

ఆ సొరంగం కూలడానికి పది నెలల ముందు మా వంతు వచ్చి పోయింది కూడా. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో 1949లో లెక్కలు మొదలయ్యాక ఎన్నడూ పడనంత వాన పడింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజు లోపే 254.8 మిల్లీమీటర్లు. అల్ వర్సాన్‌లోని మా ఇంటర్నేషనల్ సిటీ వీధులు చెరువులయ్యాయి, పార్కింగుల్లో కార్లు మునిగాయి. మా బిల్డింగులో కరెంటు పోయింది. ముందురోజు నుంచే ఫోన్లకు హెచ్చరికలు వచ్చాయి. స్కూళ్లకూ సర్కారు ఆఫీసులకూ ఇంటి నుంచే పని అన్నారు. హెచ్చరిక రాలేదని అనలేం. ఆ మోత ఆపడానికి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకున్నాం.

నీళ్లు పెరిగాక మళ్లీ మా మంచి పేరే నిజమైంది. కుర్రాళ్లు నడుముల్లోతు నీళ్లలో పిల్లల పాలు, మందులు మోశారు. మలయాళీలు వండింది మేం తిన్నాం, మేం వండింది పాకిస్తానీ డ్రైవర్లు తిన్నారు. బాగా చేశాం, కాదనను. కానీ ఏ ఫ్లాట్‌లో ఎవరున్నారో, ఎవరికి ఇన్సులిన్ కావాలో, ఏ గదిలో ఒంటరి గర్భిణి ఉందో ఒక్కరి దగ్గరా లెక్క లేదు. తలుపు తలుపూ తట్టుకుంటూ పోయారు. తలుపు తీయని చోట లోపల మనిషి లేడో, భయపడి తీయలేదో తెలియలేదు.

నీళ్లు పోయాక ఒక గ్రూపు పెట్టి, ఫ్లాట్ల వారీగా పేర్లు రాయమన్నారు. మొదటి వారం కొందరు రాశారు. తర్వాత గ్రూపులో ఆదివారం బిర్యానీ ఆర్డర్లు, అమ్మకానికి వాషింగ్ మెషిన్లు వచ్చాయి. మా ఫ్లాట్ పేర్లు రాయాల్సింది నేను, కాంట్రాక్టు నా పేరునే ఉంది కాబట్టి. బెడ్ స్పేసుకిచ్చిన మంచాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ఆ అద్దెతోనే నా ఖర్చు గడుస్తుంది. జగిత్యాల తమ్ముడొకడు ముందే అన్నాడు: "నా పేరు రాయకున్రి అన్నా, ఎందుకచ్చిన లొల్లి." వాడికి ఎంత భయమో నాకూ అంతే సౌకర్యం. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు. జాబితాలో మా ఫ్లాట్ ఎదురుగా నలుగురని రాశాను. ఉండేది ఏడుగురం.